వరంగల్ ఆటో అడ్డాలో నాలుగో అధ్యాయం

ఫిబ్రవరి చివరి వారం, సోమవారం. బండి ఏడు దాటాకే అని తెలిసినా ఆరున్నరకల్లా సికింద్రాబాద్ స్టేషన్‌లో ఉన్నాను. ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. సంచిలో ఒక జత బట్టలు, నీళ్ల సీసా, దారంతో కుట్టిన ఎనభై పేజీల కాగితాల కట్ట.

ఆ కట్ట సంగతి ముందు చెప్పాలి. నాది గుంటూరు. హైదరాబాద్‌లో పరిశోధన చేస్తున్నాను. ఫోన్ యాప్ చెప్పినట్టు పని చేసి బతికేవాళ్ల గురించి, ఆ యాపుల నుంచి బయటపడి తమదే ఒకటి పెట్టుకోవాలని చూసేవాళ్ల గురించి నా సిద్ధాంత గ్రంథం. దానికోసం కిందటేడు మూడు నెలలు వరంగల్‌లో ఉన్నాను. స్టేషన్ ముందున్న ఆటో అడ్డాలో కొందరు డ్రైవర్లు కలిసి సొంతంగా ఒక బుకింగ్ నంబరు, చిన్న యాప్ పెట్టుకుని, సహకార సంఘంగా రిజిస్టర్ చేయించుకునే ప్రయత్నంలో ఉన్నారప్పుడు. వాళ్ల ఆటోల్లో తిరిగాను, వాళ్ల గొడవలు విన్నాను, నోటు పుస్తకాలు నింపుకున్నాను. తిరిగి వచ్చేసే రోజు అడ్డా పెద్ద సమ్మయ్య ఒక మాట అన్నాడు. అందరూ ఆయన్ని కాక అంటారు, నాకూ అదే అలవాటైంది.

“మీ అసోంటోళ్లు ఇంతకుముందు గూడ అచ్చిన్రు బిడ్డా. చాయ్ తాగిన్రు, రాసుకున్నరు, పోయిన్రు. ఏం రాసుకపోయిన్రో మాకైతె ఎర్క లేదు.”

నేను రాసింది తెచ్చి చదివి వినిపిస్తానని అక్కడికక్కడే మాట ఇచ్చాను. గ్రంథం ఇంగ్లిష్‌లో ఉంది. ముఖ్యమైన నాలుగు అధ్యాయాలను తెలుగులోకి తెచ్చుకోవడానికి రెండు నెలలు పట్టింది. మార్చి నెలాఖరుకు గ్రంథం సమర్పించాలి, ఈ సమయంలో ఈ పని ఎవరు అడిగారని నా గైడు విసుక్కున్నారు. యూనివర్సిటీ అడగలేదు, నిజమే. సమ్మయ్య కాక అడిగాడు.

రిజర్వేషన్ లేని పెట్టెలో కిటికీ పక్క సీటు దొరికింది. సోమవారం ఉదయం ఈ బండిలో కూర్చోవాలంటే అరగంట ముందే ప్లాట్‌ఫారం మీద ఉండాలి. భువనగిరి దాటాక ఇడ్లీ వచ్చింది, ఆలేరులో చాయ్. జనగామలో పెట్టె నిండిపోయింది. ఎదురు సీట్లో ఒక పెద్దాయన. వరంగల్‌లో స్టీలు సామాన్ల దుకాణమట. నా ఒళ్లోని కాగితాలు చూసి పరీక్షలా అని అడిగారు. ఆటో డ్రైవర్ల మీద పరిశోధన అంటే కాసేపు నా ముఖం చూశారు, వేళాకోళం చేస్తున్నానేమో అని. తర్వాత ఆయనే మొదలుపెట్టారు. ఆయన భార్యకు మోకాళ్ల నొప్పులు, వారానికోసారి దవాఖానకు తీసుకెళ్లాలి. కంపెనీ యాప్ ఆటో వీళ్ల ఇంటి సందులోకి రాదు, మూల మీదే ఆపి నడిచి రమ్మంటుంది.

“స్టేషన్ అడ్డా నంబరుకు ఫోన్ చేస్తె ఇంటి ముందట్కే అస్తరమ్మా. జర లేటైతది, గని అస్తరు. గా యాప్‌కు మా గల్లీ ఎర్క లేదు, గీళ్లకు మా గల్లీ ఎర్కనే.”

ఆ మాట నోటు పుస్తకంలో రాసుకుంటుంటే ఆయన వంగి చూసి, తన పేరు మాత్రం రాయొద్దన్నారు. రాయలేదు.

హనుమకొండ వెళ్లేవాళ్లకు కాజీపేటలో దిగడం సులువు. నా పని అడ్డాలో కాబట్టి వరంగల్ దాకా వెళ్లాను. తొమ్మిది ముప్పావుకు బండి ఆగింది. మిర్చి రోజులు. స్టేషన్ బయట అడుగు పెట్టగానే మార్కెట్ వైపు వెళ్లే లారీల ఘాటుకు ముక్కు మండింది. ఆ రోజుల్లో వెళ్లేవాళ్లు చేతిరుమాలు దగ్గర పెట్టుకోవడం మంచిది.

స్టేషన్ ఎదురు సందులో, కుట్టుమిషన్ల రిపేరు దుకాణం మీద ఒక గది. అదే సంఘం ఆఫీసు. అనిత హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుని ఉంది. ఇక్కడే ఇంజనీరింగ్ చదివిన అమ్మాయి. నాన్న అడ్డాలో ఆటో నడుపుతాడు. సంఘం యాప్ తయారుచేసింది ఆమే, పొద్దంతా బుకింగ్ ఫోన్లు ఎత్తేదీ ఆమే. రెండు బుకింగుల మధ్య నాకు కుర్చీ జరిపి, అందరూ ఒంటిగంటకు వస్తారని చెప్పింది. ఉదయం రైళ్ల రద్దీ అయిపోయి, సాయంత్రం బడి పిల్లలను ఇళ్లకు దింపే వేళ కాకముందు దొరికే రెండు గంటలే డ్రైవర్లకు తీరిక. నేను లాడ్జిలో సంచి పెట్టి, స్నానం చేసి, పక్క మెస్‌లో భోజనం చేసి ఒంటిగంటకు పది నిమిషాల ముందే గదిలో ఉన్నాను.

ఇరవై మంది దాకా వచ్చారు. కుర్చీలు చాలక కొందరు మెట్ల మీద కూర్చున్నారు. ఆడవాళ్లలో డ్రైవర్ ఒక్కరే, ధర్మసాగర్ నుంచి వచ్చే స్వరూపక్క. ముప్పై అయిదేళ్లుంటాయి. ఖాకీ చొక్కా చీర మీదే వేసుకుని, కిటికీ దగ్గర గోడకు ఆనుకుని నిలబడింది.

ఒక్కో అధ్యాయంలో ముఖ్యమైన చోట్లు ఎంచి చదవడం మొదలుపెట్టాను. మొదటి పేజీలోనే ఆపారు. “కేటాయింపు విధానం” అంటే ఏందని ఒకాయన అడిగాడు. యాప్ ఏ గిరాకీని ఎవరికి ఇవ్వాలో తేల్చే పద్ధతి అన్నాను. “సీరియల్ అనరాదు” అన్నారు నలుగురైదుగురు ఒకేసారి. అడ్డాలో ముందు వచ్చినవాడికి ముందు గిరాకీ, దాన్ని వాళ్లు సీరియల్ అంటారు. నేను కిందటేడు వందసార్లు విన్న మాటే. రాసేటప్పుడు ఎందుకో చేతికి రాలేదు. కొట్టేసి సీరియల్ అని రాశాను. ఇంకో చోట వాళ్లు సమ్మె చేసిన రోజు తప్పు వేశాను, దిద్దారు. మరో చోట సంఘం పెట్టాలన్న ఆలోచన సమ్మయ్య కాకదే అని రాశాను. కాకే చేయెత్తి, అది తనది కాదు, పోయినేడు చనిపోయిన తన తోటి డ్రైవరుదని, అతని పేరు పెట్టమని చెప్పాడు. ఆ పేరు రాసుకున్నాను.

రెండుంపావుకు నాలుగో అధ్యాయానికి వచ్చాను. నా గైడుకు అన్నిటికన్నా నచ్చిన అధ్యాయం, నాకూ అంతే. అందులో ధర్మసాగర్ నుంచి వచ్చే రమ అని ఒక ఆటో డ్రైవరు. టైఫాయిడ్‌తో నెలన్నర మంచం పట్టి లేచింది. జుట్టు ఊడిపోతే పొట్టిగా కత్తిరించుకుంది, ముఖం పీక్కుపోయింది. పనికి వచ్చి కంపెనీ యాప్ తెరిస్తే సెల్ఫీ అడిగింది. దిగింది. పాత ఫొటోతో సరిపోలలేదని ఐడీ ఆపేసింది. ఆఫీసుకు వెళితే హెల్ప్‌లైన్‌కు చెప్పమన్నారు, హెల్ప్‌లైన్ పరిశీలించాం అని జవాబు పంపింది. ఇక చేసేది లేక భర్త పేరుతో ఐడీ తీసి తను నడుపుతోంది. భర్త పెయింటర్. యాప్ ఉన్నట్టుండి సెల్ఫీ అడిగినప్పుడల్లా ఆమె అతను రంగులు వేసే చోటికి ఆటో తోలుకుపోతుంది, అతను నిచ్చెన దిగి ఫోన్‌కు ముఖం చూపించి మళ్లీ ఎక్కుతాడు.

చదువుతూ తలెత్తితే ఎవరూ నన్ను చూడటం లేదు. అందరూ కిటికీ వైపు చూస్తున్నారు.

“పేరు మార్చినవ్ గని మనిషిని మార్చలే గద బిడ్డా,” అన్నాడు సమ్మయ్య కాక. “ధర్మసాగర్ నుంచి అచ్చే ఆడామె, ఆటో నడుపుతది, ఆమె మొగడు పెయింటర్. వరంగల్ల గసోంటోళ్లు ఎంతమంది ఉన్నరు?”

పేరు మారిస్తే చాలని మా యూనివర్సిటీ కమిటీ ఒప్పుకుంది, స్వరూపక్క కూడా కిందటేడు సరే అంది. కానీ ఏం రాశానో చూడకుండా అన్న సరే అది. కంపెనీ కంట పడితే భర్త ఐడీ కూడా పోతుంది. ఆ ఆటో మీద ఆ ఇల్లు నడుస్తోంది. ఇంతకాలం నాకు ఇది తట్టలేదు. ఎనభై పేజీలు తెలుగు చేస్తూ కూడా తట్టలేదు.

కొట్టెయ్యాలని కొందరన్నారు. ఊరు పేరు మారిస్తే చాలదా అని ఒకరు. అంతలో స్వరూపక్క ఫోన్ చిన్నగా మోగింది. ఆమె చూసుకుని, “మొఖం అడుగుతాంది,” అని మెట్లు దిగుతూ నా వైపు తిరిగింది. “నువ్వు గూడ రా చెల్లె. తోవల మాట్లాడుకుందాం.”

ఆమె భర్త రమేశ్ ఆ రోజు నయీంనగర్‌లో కొత్త అపార్ట్‌మెంట్‌కు రంగులు వేస్తున్నాడు. స్టేషన్ నుంచి హనుమకొండ మీదుగా ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. దారంతా ఆమె ఫోన్‌లో టైము చూసుకుంటూనే ఉంది. యాప్ ఇచ్చే గడువు దాటితే ఆ రోజుకు ఐడీ పనిచేయదు. అపార్ట్‌మెంట్ కింద ఆగి హారన్ రెండుసార్లు కొట్టింది. రమేశ్ మూడో అంతస్తు నుంచి దిగివచ్చాడు. కనుబొమల మీద తెల్ల రంగు చుక్కలు. చొక్కా అంచుతో ముఖం తుడుచుకుని, ఫోన్ ముందు నిలబడి తల కుడికి, ఎడమకు తిప్పాడు. ఆకుపచ్చ గుర్తు వచ్చింది. నన్ను చూసి సిగ్గుగా నవ్వి, “బాగున్నరా మేడం,” అని మెట్లెక్కి వెళ్లిపోయాడు. నేను ఈ దృశ్యం కిందటేడు కూడా చూశాను. అప్పుడు గబగబా రాసుకున్నాను. ఈసారి పుస్తకం తీయలేదు.

నాలుగింటికి బడి పిల్లలు. హనుమకొండలో ఆరుగురిని ఎక్కించుకుని కాజీపేట దాటి ధర్మసాగర్ దారి పట్టింది. నేను ముందు సీట్లో ఆమె పక్కన సర్దుకున్నాను. పిల్లలను ఒక్కొక్కరినే ఇంటి ముందు దింపి, చెరువు కట్ట దగ్గర ఆటో ఆపింది. వరంగల్‌కు తాగునీళ్లు ఇక్కడి నుంచే వెళతాయి. గాలికి ఇంజను వేడి తగ్గుతుందని పక్కకు దిగి నిలబడ్డాం.

అధ్యాయం తీసేస్తాను అన్నాను. తీసేస్తే గ్రంథం సమర్పించడం ఆలస్యమవుతుందని, గైడు ఒప్పుకోకపోవచ్చని మాత్రం చెప్పలేదు.

“తీసెయ్యమని నేనంటలేను,” అంది స్వరూపక్క. “గది అబద్ధం గాదు గద. నాకైన అన్యాయం గదొక్కదాన్లనే ఉన్నది, ఇంకెక్కడ లేదు. గని గిప్పుడొద్దు. మన యాప్‌ల నా పేరు మీద నాకు గిరాకీ రానీ. ఆయన ఐడీ బంద్ చేసిన్నాడు నేనే ఫోన్ చేస్త. ఆగుతవా?”

ఆగుతానన్నాను. ఎంతకాలమని ఆమెను అడగలేదు.

ఆమె ఇంట్లో జొన్నరొట్టె, పచ్చిమిర్చి తొక్కు పెట్టింది. అయిదున్నర బస్సుకు హనుమకొండ, అక్కడి నుంచి సిటీ బస్సులో స్టేషన్. లాడ్జి నుంచి గైడుకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. ఆయన మంచివారే. కమిటీ అనుమతి ఉందని, నాలుగో అధ్యాయం లేకపోతే ఇది సగం గ్రంథమని, ఇంకో ఆరు నెలలు అడగాల్సి వస్తుందని ఓపికగా వివరించారు. ఆరు నెలలు అడుగుతాను సార్ అన్నాను.

మంగళవారం మధ్యాహ్నం ఒంటిగంటకు సంఘం సభ్యత్వ సమావేశం. రిజిస్ట్రేషన్ పదిరోజుల కిందటే పూర్తయింది. ఇక యాప్‌లో సభ్యుల పేర్లు ఎక్కించాలి. అందుకు ఒక నియమం తేలాలి. ఆటో నడుపుతున్న మనిషి ఆ మనిషేనని ఎలా తెలుస్తుంది? కంపెనీ వాళ్లలాగే సెల్ఫీ పెడదాం, జనానికి నమ్మకం ఉంటుందని కొందరు గట్టిగా పట్టుబట్టారు. అందులో న్యాయం లేకపోలేదు. ఒంటరిగా ఆడవాళ్లు ఎక్కుతారు, ఒకరి పేరు మీద ఇంకొకరు నడిపితే రేపు జవాబు ఎవరు చెప్పాలి? ఆ మాటన్న యాదగిరికి ఇద్దరు ఆడపిల్లలు. అతను మొహమాటపడుతూనే స్వరూపక్క వైపు తిరిగి, నువ్వే వేరేవాళ్ల పేరు మీద నడుపుతున్నావు కదా అక్కా అన్నాడు.

స్వరూపక్క గోడ వదిలి ముందుకొచ్చింది.

“నడుపుతాన. అందుకే అడుగుతాన. పదకొండేండ్ల సంది గీ రోడ్లమీదనే ఉన్న. నేను స్వరూపనే అని చెప్పెటోడు గా కంపెనీల ఒక్కడు లేకపాయె. ఫోన్ కాదన్నది, అయిపాయె. గీడ గూడ ఫోన్‌నే అడుగుతె, మనం సంఘం ఎందుకు పెట్టుకున్నట్టు? నేనెవలో నీకు ఎర్క లేదా యాదగిరీ?”

యాదగిరి ఎరుకేనన్నాడు. మరి నువ్వే చెప్పు అంది ఆమె.

తర్వాత గంటసేపు వాదన నడిచింది. చాయ్ రెండుసార్లు వచ్చింది. చివరికి నియమం ఇలా కుదిరింది: యాప్‌లో పేరు ఎక్కే ప్రతి మనిషినీ సంఘంలోని మరో ఇద్దరు ఎదురుగా చూసి, ఈ మనిషిని మాకు తెలుసు అని యాప్‌లో తమ పేరుతో ఒప్పుకోవాలి. నెలకోసారి ఆ ఇద్దరే మళ్లీ చూసి చెప్పాలి. ఆ ఆటోను వేరేవాళ్లు నడిపినట్టు తేలితే, నడిపినవాడితో పాటు సాక్ష్యం చెప్పిన ఇద్దరి సీరియల్ కూడా వారం రోజులు బంద్. చివరి మాట యాదగిరి పెట్టించాడు. అది లేకపోతే ఒప్పుకోనన్నాడు. అందరూ చేతులెత్తారు. నేను చదివిన పుస్తకాల్లో ఇలాంటి నియమం ఎక్కడా చూడలేదు.

అనిత లాప్‌టాప్ తెరిచి మొదటి పేరు ఎవరిదని అడిగింది. స్వరూపది అన్నాడు సమ్మయ్య కాక. సాక్షులుగా ఆయన ఒకరు, యాదగిరి ఒకరు. ఫొటో కోసం ఆమెను కిటికీ వెలుగులో నిలబెట్టారు. జుట్టు ఇప్పుడు భుజాల దాకా పెరిగింది. తల కుడికి తిప్పాలా, ఎడమకు తిప్పాలా అని అడిగింది. అక్కర్లేదక్కా, ఊరికే నిలబడు అంది అనిత.

మధ్యాహ్నం మూడు దాటాక వరంగల్‌లో బండి ఎక్కాను. ఆఫీసు నుంచి స్టేషన్ అటు పక్కనే, అయినా సంచి సమ్మయ్య కాక పట్టుకొచ్చాడు. మళ్లీ ఎప్పుడస్తవని అడిగాడు. నెల నెలా వస్తానన్నాను. ప్లాట్‌ఫారం మీద బత్తాయి పళ్లు కొనిచ్చి, బండి కదిలే ముందే వెళ్లిపోయాడు, ఆయన సీరియల్ దగ్గరపడిందట.

తిరుగు బండి దాదాపు ఖాళీ. కాజీపేట, ఘన్‌పూర్ దాటేవరకు కట్ట విప్పలేదు. తర్వాత నాలుగో అధ్యాయం దారం తెంపి విడిగా కవరులో పెట్టాను. మిగిలిన పేజీల మార్జిన్లలో రెండు రోజుల దిద్దుబాట్లు నిండి ఉన్నాయి. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకు నేను చెప్పగలిగింది ఒకటే. వివరాలు సేకరించడానికి వెళ్లే ప్రయాణం ఒక్కటే సరిపోదు. రాసింది పట్టుకుని మళ్లీ వెళ్లండి, సభ్యులు ఖాళీగా ఉండే వేళ కనుక్కుని వెళ్లండి, తీసేయమంటే తీసేయడానికి సిద్ధపడి వెళ్లండి. కిందటేడు మూడు నెలల్లో తెలుసుకున్నదానికన్నా ఈ రెండు రోజుల్లో ఎక్కువ తెలిసింది. వాళ్లు కంపెనీతో పోరాడుతున్నారని రాసుకున్నాను నేను. ఒకరికొకరు పూచీ పడటం నేర్చుకుంటున్నారని ఇప్పుడు రాయాలి. అది చాలా కష్టమైన పని, చాలా నెమ్మదిగా జరిగే పని.

నెల నెలా వెళుతూనే ఉన్నాను. ఈ ప్రయాణం గురించి మాత్రం ఏడు నెలలు ఒక్క వాక్యం అచ్చుకు ఇవ్వలేదు. బతుకమ్మ సెలవులకు వారం ముందు, ఒక మధ్యాహ్నం స్వరూపక్క ఫోన్ చేసింది. రమేశ్ ఐడీని ఆ రోజు ఉదయమే తామే మూసేసుకున్నారట. సంఘం నంబరు మీద గిరాకీ ఇంకా అంతంతమాత్రమే, కానీ పెద్ద దుకాణాల వాళ్లు, దవాఖానలకు వెళ్లేవాళ్లు వాళ్లనే పిలుస్తున్నారు. వచ్చిన గిరాకీ వచ్చినట్టు తన పేరు మీదే వస్తోందని చెప్పింది.

“ఇగ రాయి చెల్లె,” అంది. “రమ గిమ అని పెట్టకు. నా పేరే పెట్టు.”

రమేశ్‌కు కూడా ఫోన్ ఇమ్మని, అతన్నీ విడిగా అడిగాను. రాయమన్నాడు. రాసింది వాళ్లిద్దరికీ చదివి వినిపించాను. ఒక చోట తొక్కు పచ్చిమిర్చిది కాదు, చింతకాయదని స్వరూపక్క అంది, నాకు పచ్చిమిర్చిదనే గుర్తు. అది తప్ప మిగతాదంతా ఆమె ఒప్పుకున్నది. ఊరు ధర్మసాగరే, ఆమె పేరు స్వరూపే.